ఎనభై దాటాక ఈఆర్‌సీపీ చేయించవచ్చా?

గుంటూరులో ఉంటున్న మీ నాన్నగారికి 82 ఏళ్లు, పిత్తనాళంలో రాయి, కామెర్లు. ఎండోస్కోపీతో ఆ రాయి తీసే ఈఆర్‌సీపీ తట్టుకోగలరా అని కదా మీ ప్రశ్న.

వయసొక్కటే చూసి వద్దనుకోకండి. కామెర్లతో పాటు చలిజ్వరం వస్తే నాళంలో ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి; అప్పుడు ఆలస్యమే అసలు ప్రమాదం. ఈఆర్‌సీపీలో పొట్ట మీద కోత ఉండదు, నోటి గుండా గొట్టం పంపి రాయి తీస్తారు.

ఆ తర్వాత క్లోమం (పాంక్రియాస్) వాచే ముప్పు నూటికి 3 నుంచి 10 మందికి. చిత్రమేమిటంటే, ముసలివాళ్లలో అది పడుచువాళ్లకంటే తక్కువే. వీళ్ల విషయంలో నా భయమల్లా మత్తుకు గుండె, ఊపిరితిత్తులు తట్టుకుంటాయా అని, రక్తస్రావం గురించీ. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే ఆ చీటీ ముందే డాక్టరు చేతిలో పెట్టండి, మీ అంతట మీరు ఆపొద్దు.

పిత్తనాళం మూసుకుపోకుండా ప్లాస్టిక్ స్టెంట్ (చిన్న గొట్టం) వేస్తే సుమారు 3 నెలల్లో తీయాలి, లేదా మార్చాలి. నొప్పి తగ్గింది కదా అని మరిచిపోయేవాళ్లున్నారు! డిశ్చార్జి కాగితం మీదే ఆ తేదీ రాయించుకోండి.