డీఎన్ఏకు మరక పడుతుందా?

సందేహం: "ప్రతిదీప్తి డీఎన్ఏ మరకలతో క్యాన్సర్ కణాలను మెరిపించి గుర్తించారు" అనే వాక్యం ఒక వ్యాసంలో చదివాను. ఇక్కడ 'మరక' సరైన మాటేనా? ప్రతిదీప్తి అంటే మెరుపేనా?

సమాధానం: రెండూ కావు. మరక అక్కరలేకుండా అంటుకునేది; దాన్ని వదిలించుకోవాలని చూస్తామే గాని కోరి పట్టించము. పైగా 'రక్తపు మరక' రక్తంతో ఏర్పడినది కనుక, 'డీఎన్ఏ మరక' అన్నప్పుడు డీఎన్ఏయే ఎక్కడో ఒలికి మచ్చ కట్టిందన్న అర్థం వస్తుంది. కణంలో విడిగా కనబడని భాగాన్ని సూక్ష్మదర్శినిలో కనబడేట్టు చేయడానికి వాడే రంగును రంజకం, అభిరంజకం అంటారు. 'రంజ్' ధాతువుకు రంగు పట్టడం, అలరించడం అనే రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి జనరంజకమైన పాటకూ దీనికీ చుట్టరికమే. క్రియగా మాత్రం 'రంజనం చేశారు' కన్నా 'రంగు పట్టించారు' అన్నదే నాకు హాయిగా వినిపిస్తుంది.

ఇక ప్రతిదీప్తి. దీనికి ఇంగ్లీషులో 'ఫ్లోరోసెన్స్' అనే మాటను 1852లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా కల్పించాడు. మన మాట ఆ రాయిని వదిలేసి, జరిగే పనిని చెబుతుంది. నగ మెరుస్తుందంటే తన మీద పడిన వెలుగును తిప్పి పంపుతున్నదని అర్థం. ప్రతిదీప్తిలో పదార్థం ఆ వెలుగును పీల్చుకొని, సాధారణంగా అంతకన్నా ఎక్కువ తరంగదైర్ఘ్యం గల మరో వెలుగును విడుస్తుంది. డీఎన్ఏకు అతుక్కున్న 'డాపి' అనే రంజకం 358 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకొని, 461 నానోమీటర్ల దగ్గరి నీలికాంతిని ఇస్తుంది. ప్రతిధ్వనిలో పోయిన ధ్వనే తిరిగి వస్తుంది గనుక, ఇక్కడి 'ప్రతి'ని ప్రత్యుత్తరంలోని 'ప్రతి'గా గ్రహించడం మేలు.

'క్యాన్సర్ కణాలను మెరిపించి' అన్నచోట భాషాదోషంతో పాటు విషయదోషమూ ఉంది. ఇటువంటి రంజకాలకు క్యాన్సర్ కణమనీ మామూలు కణమనీ తేడా తెలియదు. డీఎన్ఏ ఉన్న ప్రతి కణానికీ అవి పట్టగలవు. ప్రొపీడియం అయొడైడ్‌నే తీసుకుంటే, పొర చెక్కుచెదరని సజీవ కణంలోకి అది చొరబడలేదు కనుక, ముందు కణాలను ఆల్కహాల్ వంటివాటితో స్థిరపరచి, అదే రంగు పట్టే ఆర్ఎన్ఏను తొలగించి, ఒక్కో కణం ఇచ్చే ఎర్రని వెలుగును కొలుస్తారు. వెలుగు మోతాదు డీఎన్ఏ మోతాదును తెలుపుతుంది. చాలా క్యాన్సర్ కంతుల్లో డీఎన్ఏను మోసే క్రోమోజోముల సంఖ్య మామూలుకన్నా తేడాగా ఉంటుంది కాబట్టి ఆ తేడా కొలతలో బయటపడుతుంది. అందువల్ల ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "కణాల డీఎన్ఏకు ప్రతిదీప్తి రంజకాన్ని పట్టించి, అది ఇచ్చే వెలుగును కొలిచి, క్యాన్సర్ కణాలలోని తేడాను గుర్తించారు."