విజయనగరం పాత ఊళ్లో ఇల్లు తీసుకునేముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విశాఖలో ఉద్యోగం, విజయనగరంలో కాపురం అన్నావు. రైల్లో సుమారు గంట, ఫర్వాలేదు. అయితే పాత ఊళ్లోనే ఉండాలనుకుంటే ఇంటికన్నా ముందు వీధి చూడు. కోట, మూడు లాంతర్లు, గంటస్తంభం నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. కూరగాయలు తెచ్చుకుని అలా సంగీత కళాశాల వైపు నడిస్తే పిల్లల సాధన చెవిన పడుతుంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల అది. పాలప్యాకెట్టుకి కూడా బండి తీయాల్సొచ్చే చోటైతే మాత్రం ఊరి బయట కొత్త ఫ్లాటే నయం.

ఇల్లు చూడ్డానికి వానల్లో వెళ్లు. సంక్రాంతికి సున్నం కొట్టాక ప్రతి గోడా పెళ్లికూతురే. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడకి అరచెయ్యి ఆనించి చూడు. చెమ్మ తగిలినా, తెల్లటి ఉప్పు పొడిలా రాలినా ఆ గోడకి పైన సిమెంటు పూశారేమో అడుగు. పాత ఇటుక గోడ నేలలోని తడిని పీల్చి గాలికి ఆరబెట్టుకుంటుంది. సిమెంటుగానీ ప్లాస్టిక్ పెయింటుగానీ వేస్తే ఆ తడికి దారి మూసుకుపోతుంది, నాలుగేళ్లలో పూత పెచ్చులుగా ఊడుతుంది. ఊడినచోట మళ్లీ సిమెంటే పూస్తామంటే ఒప్పుకోకు. సున్నం పూతే వేయించు: ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. సున్నం పదిహేను రోజులైనా నీళ్లలో నానాలి. నానని గింజలు తర్వాత ఉబ్బి గోడంతా పొక్కులు లేస్తాయి. పూశాక వారం పాటు తడుపుతూ ఉండాలి. తొందరపడే మేస్త్రీకి ఈ పని ఇవ్వకు.

దూలాలని స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడు. డొల్లగా మోగితే లోపల చెద తినేసినట్టే. పెంకుటిల్లయితే కదిలిన పెంకులు, వాసాలు వానలకి ముందే సరిచేయించు. మళ్లీ ఆశ్వయుజంలో ఓసారి చూడు, మన తీరానికి తుపాన్ల కాలం అదే. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న.

చెక్కపట్టీల మీద పాత వైరింగు కనిపిస్తే ఏసీ మాట ఎత్తకముందే కొత్త వైరు, ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించాలి. ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించు. కుళాయి ఎన్నింటికి వస్తుందో యజమానిని కాదు, పక్కింటావిణ్ణి అడుగు.

పాత ఇళ్లు చాలావరకు ఉమ్మడి ఆస్తులు. అన్నదమ్ముల్లో ఒకడే సంతకం పెడితే ఆర్నెల్లకి ఇంకొకడు వచ్చి అద్దె నాకివ్వమంటాడు. అందరి సంతకాలూ తీసుకో, లేదా ఒకరికే ఇవ్వమని మిగతావాళ్లు రాసిచ్చిన కాగితం అడుగు. కొనే ఆలోచనుంటే అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మక ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) నువ్వే తీయించు.

కారు వద్దు. ఆ సందుల్లో తిప్పుకోవడానికే చోటుండదు. విజయదశమి తర్వాత సోమవారం తొలేళ్లు, అంటే జాతర ముందురోజు వేడుక, మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. అమ్మవారి గుడి నుంచి కోట దాకా జనమే. స్కూటరైనా ఆదివారం రాత్రికే బయటి రోడ్డున పెట్టుకో. బియ్యం మటుకు రెట్టింపు తెచ్చుకో, ఆ వారం చుట్టాలు చెప్పి రారు.

మావయ్య