కప్పను కరిచింది, నోటి నిండా నురగ!

ప్రశ్న: మా కుక్క నాలుగు కిలోలు కూడా ఉండదు. రాత్రి పెరట్లో బోదురుకప్పను నోట కరుచుకుంది, వెంటనే వదిలేసినా ఒకటే నురగ, కాలితో మూతి రుద్దుకోవడం. పొద్దునకి మామూలైంది. మళ్లీ జరిగితే?

జవాబు: ఆ కప్ప కళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే గ్రంథుల్లో విషం ఉంటుందండీ, కరవగానే పాలలాంటి ద్రవం కారి చిగుళ్ల గుండా ఒంట్లోకి పోతుంది, కుక్క ఎంత చిన్నదైతే అంత ప్రమాదం. ముందు తల కిందికి వంచి, నోటి పక్కనుంచి బయటికి కారిపోయేలా నీళ్లు పోయండి (గొంతులోకి పోనిస్తే అదింకో టెన్షన్), తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవండి. ఉప్పునీళ్లతో కక్కించడాలు వద్దు. తూలినా, వణికినా, ఫిట్స్ వచ్చినా వెంటనే డాక్టర్ దగ్గరికే. వాన పడ్డ రాత్రి టార్చి, లీష్ లేకుండా బయటికి వదలకండి. నీళ్ల గిన్నె కూడా లోపలే పెట్టండి, కప్పలు అందులోనే చేరతాయి.