డిఫెన్సివ్ లైన్‌మన్‌ను అంచనా వేయడం: వీడియో రూంలో నేను నేర్చుకున్నది

ప్రశ్న: అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఆడే డిఫెన్సివ్ లైన్‌మెన్‌లో ఎవరు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్)లో నిలబడతారో ముందే ఎలా చెబుతారు? శాక్‌లు (బంతి విసిరేవాణ్ణి పడగొట్టడం) ఎక్కువ చేసినవాడే మంచి ఆటగాడు కదా, మరి కొంతమంది డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కాలేజ్ ఆటగాళ్లను ఎంచుకునే చోట) అంత వెనక్కి ఎందుకు పోతారు?

జవాబు:

శాక్‌ల లెక్క చూసి ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక స్కౌట్ (టీం కోసం ఆటగాళ్లను వెతికి అంచనా వేసేవాడు) పక్కన కూర్చున్న రోజున ఆ అభిప్రాయం మారిపోయింది. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

ఎంఎస్ చదివే రోజుల్లో రెండేళ్లు మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీం వీడియో విభాగంలో పని చేశాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. నా రూమ్మేట్లు లైబ్రరీలో, డైనింగ్ హాల్లో చేరితే నాకు ఇది దొరికింది. ఎండ్ జోన్ (మైదానం చివర స్కోర్ చేసే భాగం) వెనక లిఫ్ట్ ఎక్కి ప్రాక్టీసంతా షూట్ చేయాలి, రాత్రికి ఒక్కో ప్లేని (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా సాగే ఆటను) విడగొట్టి కోచ్‌లకు అందించాలి. నవంబర్‌లో ఆ లిఫ్ట్ మీద గ్లవ్స్ వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోయేవి. కానీ ఆ ఎత్తు నుంచి, ఆ వైపు నుంచి చూస్తేనే లైన్‌లో ఏం జరుగుతుందో కనపడుతుంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు అది దొరకదు.

ఆట కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. సెంటర్ బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించడాన్ని స్నాప్ అంటారు. అక్కడి నుంచి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటానికి అయిదుగురు భారీ మనుషులు అడ్డు నిలబడతారు: మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, రెండు చివర్లా టాకిల్స్. వాళ్లకు ఎదురుగా, చెయ్యి నేలకు ఆనించి వంగి ఉండే ముగ్గురో నలుగురో డిఫెన్సివ్ లైన్‌మెన్. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే, లైన్ వెనకే అతన్ని పడగొడితే అది శాక్.

మా టీంలో ఆ సీజన్‌లో 9 శాక్‌లు చేసిన కుర్రాడు ఒకడు ఉన్నాడు, లైన్ చివర ఆడే ఎండ్. క్యాంపస్‌లో అందరికీ అతనంటే ఇష్టం. ఆ 9 శాక్‌లనూ ఒక వరుసలో పెట్టి వీడియో చేసింది నేనే. చేస్తున్నప్పుడే ఏదో తేడాగా అనిపించింది. రెండింటిలో అతన్ని ఎవరూ అడ్డుకోలేదు, ఎదుటి టీం లెక్క తప్పి ఖాళీగా వదిలేసింది. మూడింటిలో వెనక మావాళ్లు బంతి అందుకునే రిసీవర్లను గట్టిగా కమ్మేయడంతో క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని నాలుగైదు సెకన్లు తిరిగాడు. రెండింటిలో అడ్డొచ్చింది బంతి పట్టుకుని పరిగెత్తే చిన్నపాటి రన్నింగ్ బ్యాక్. ఇక మిగిలినవి రెండు. ఎదురుగా నిలబడ్డ అఫెన్సివ్ టాకిల్‌ను ఒంటరిగా ఓడించి చేసినవి ఆ రెండే.

అక్టోబర్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ స్కౌట్లు క్యాంపస్‌కు వచ్చేవాళ్లు. పొద్దున్నే వీడియో రూంలో కూర్చుంటారు, మధ్యాహ్నం ప్రాక్టీస్ చూస్తారు, మధ్యలో స్ట్రెంత్ కోచ్‌తో, ట్రైనర్‌తో మాట్లాడతారు. అడిగిన మ్యాచ్ పెట్టివ్వడం నా పని. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చి ఆ 9 శాక్‌ల కుర్రాణ్ణి అరగంట చూసి పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత లోపలి వైపు ఆడే ఇంకొకతన్ని అడిగాడు. అతనికి ఏడాది మొత్తం మీద 2 శాక్‌లే. ఆయన ఒక ప్లే దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాడు. అలా ఏడెనిమిది సార్లు. ఆ ప్లేలో రన్నింగ్ బ్యాక్ అవతలి వైపు పరిగెత్తి నాలుగు గజాలు తెచ్చుకున్నాడు, అంతే. స్కోర్ షీట్‌లో మావాడి పేరు కూడా లేదు.

"ఏం చూశావు?" అని నన్ను అడిగాడు. ఏమీ లేదు, గార్డ్ ఇతన్ని ఆపేశాడు అన్నాను. "అవును, ఆపేశాడు. ఆ తర్వాత చూడు" అన్నాడు.

ఈసారి ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను. గార్డ్ రెండు చేతులూ ఇతని ఛాతీ మీదకు వచ్చేశాయి. మామూలుగా అక్కడితో కథ అయిపోతుంది. ఇతను ఎడమ చేత్తో గార్డ్ మణికట్టు మీద కొట్టి ఆ పట్టు విడిపించుకున్నాడు. అదే క్షణంలో నడుము తిప్పి, కుడి భుజం కిందకి దించి, గార్డ్ చంక కింద నుంచి బయటికొచ్చాడు. అప్పటికి బంతి పది గజాల దూరంలో ఉంది. అయినా పరుగు ఆపలేదు, ఆ కుప్ప మీద చేరిన మూడో మనిషి అతనే. బరువు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. అప్పుడు నడుస్తున్నది నాలుగో క్వార్టర్, అంటే ఆట చివరి భాగం. మేం 17 పాయింట్లు వెనకబడి ఉన్నాం.

నాకు అది వెంటనే తలకెక్కడానికి కారణం కబడ్డీ. మా ఊళ్లో సంక్రాంతి పోటీల్లో కాలు పట్టడం అందరికీ వచ్చు. కూతకు వచ్చినవాడు ఆ మొదటి పట్టు విదిలించుకుని గీత వైపు దూకుతున్నప్పుడు, నేల మీద ఉన్నవాడు మళ్లీ రెండో చెయ్యి వేస్తాడా, చూస్తూ ఉండిపోతాడా అన్నదాన్ని బట్టే మావాళ్లు జట్టులోకి తీసుకునేవాళ్లు. లైన్‌మన్ విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. మొదటి ఎత్తు ఎలా ఉందో కాదు, అది పారనప్పుడు రెండోది ఉందా? కాలేజ్‌లో ఒంటి బలంతో, ఒకే ఎత్తుతో నెగ్గుకొస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎదురుగా ఉన్నవాడికి అంతే బలం ఉంటుంది, పైగా ఇతని వీడియో వారమంతా చూసి వస్తాడు.

ఇక స్కౌట్లు చూసేవాటిలో ముఖ్యమైనవి చెబుతాను. మొదటిది, బంతి కదలగానే ఎంత త్వరగా లేస్తాడన్నది. వీడియోలో బంతి కదిలిన ఫ్రేమ్ దగ్గర ఆపితే నలుగురిలో ఎవరి పాదం అప్పటికే లేచిందో తెలిసిపోతుంది. క్వార్టర్‌బ్యాక్ అరుపును బట్టి లేచేవాడు తరచూ మోసపోతాడు, కళ్లు బంతి మీద ఉన్నవాడు మోసపోడు. అందుకే మా లైన్ కోచ్ ఒక కర్ర చివర బంతి కట్టుకుని తిరిగేవాడు. నోటితో ఏమేమో అరుస్తూ ఉంటాడు, కర్ర కదిలితేనే వాళ్లు లేవాలి.

రెండోది ఎత్తు. ఒడ్డూ పొడుగూ సంగతి కాదు, ఢీకొనే క్షణంలో భుజాలు ఎంత కింద ఉన్నాయన్నది. ఆరున్నర అడుగుల మనిషి నిటారుగా లేస్తే, అతనికంటే చిన్నవాడు కూడా ఛాతీ కింద చేతులు పెట్టి ఎత్తి పారేస్తాడు. దీనికోసం నడుం ఎత్తులో ఇనప పందిరిలాంటిది పెట్టి దాని కింద నుంచి పరిగెత్తిస్తారు. తల తగిలిన చప్పుడు లిఫ్ట్ మీద ఉన్న నాకు కూడా వినపడేది.

మూడోది చేతులు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే, ఆలస్యంగా వచ్చేదీ ఇదే. ఎదుటివాడి చేతులు తన మీద పడకముందే తన చేతులు లోపలికి వెళ్తున్నాయా, అరచేతులతో కొడుతున్నాడా, ఊరికే భుజంతో గుద్దుకుంటున్నాడా చూడాలి. చేతుల పొడవును టీములు అంగుళంలో ఎనిమిదో వంతు వరకు కొలుస్తాయి. పొడవుంటే ముందుగా తాకొచ్చు, నిజమే. కానీ పొడవున్నా ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లను చాలామందిని చూశాను.

నాలుగోది, చివర్లో ఆడేవాళ్లకు మరీ ముఖ్యమైనది, వంపు. టాకిల్ పక్క నుంచి దూసుకెళ్లి, వేగం తగ్గకుండా క్వార్టర్‌బ్యాక్ వైపు మలుపు తిరగాలి. బైక్ మీద మలుపులో ఒరిగినట్టు ఒళ్లంతా లోపలికి ఒరగాలి, చీలమండ ఆ కోణాన్ని తట్టుకోవాలి. అది బిగుసుకుపోయి ఉన్నవాడు మలుపు దగ్గర పెద్ద చుట్టు తిరుగుతాడు, ఈలోగా బంతి వెళ్లిపోతుంది. నేల మీద పెద్ద రింగు పరిచి దాని చుట్టూ పరిగెత్తించేది ఇందుకే. చేతులకు శిక్షణ ఇవ్వొచ్చు గానీ ఈ వంపు చాలావరకు పుట్టుకతో వచ్చేదే అని మా కోచ్ అనేవాడు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

అందరినీ ఒకే కొలతతో చూడకూడదు. సెంటర్‌కు ఎదురుగా ఉండే నోస్ టాకిల్ పని ఇద్దరు కలిసి నెట్టినా కదలకుండా నిలబడటం. అతనికి శాక్‌లు లేవని తప్పుపట్టడం అన్యాయం. గార్డ్ బయటి భుజం దగ్గర నిలబడేవాణ్ణి త్రీ టెక్నిక్ అంటారు. అతను సందులోంచి చొచ్చుకుపోవాలి.

కంబైన్ సంగతికి వద్దాం. ఏటా డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపోలిస్‌లో జరుగుతుంది. 40 గజాల పరుగు, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడు, ఎగరడం, మలుపులు, అన్నీ కొలుస్తారు. 40 గజాల టైం టీవీలో మార్మోగిపోతుంది గానీ లైన్‌మన్ అంత దూరం పరిగెత్తే సందర్భం చాలా అరుదు. అతని విషయంలో మొదటి 10 గజాల టైం చూడాలి.

వెర్నన్ గోల్‌స్టన్ ఒహాయో స్టేట్‌లో 2007లో 14 శాక్‌లు చేశాడు. కంబైన్‌లో 225 పౌండ్లు 37 సార్లు ఎత్తాడు. లెక్కలూ ఉన్నాయి, ఒళ్లూ ఉంది. 2008లో న్యూయార్క్ జెట్స్ డ్రాఫ్ట్‌లో 6వ ఎంపిక (పిక్)గా తీసుకుంది. మూడు సీజన్లలో ఒక్క శాక్ కూడా రాలేదు. అతని కంటే ముందు, టెరెల్ సగ్స్ అరిజోనా స్టేట్‌లో 2002లో 24 శాక్‌లతో కాలేజ్ రికార్డు పెట్టాడు. డ్రాఫ్ట్ ముందు పరుగులో మాత్రం నెమ్మదిగా కనపడ్డాడు. 2003లో 10వ పిక్‌గా బాల్టిమోర్ తీసుకుంది, చివరికి 139 శాక్‌లతో రిటైరయ్యాడు.

ఆరన్ డోనాల్డ్‌ది ఇంకో రకం. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో 2013లో డిఫెన్స్ వాళ్లకిచ్చే పెద్ద అవార్డులు వరసగా తెచ్చుకున్నాడు. అయినా లోపలి వైపు ఆడటానికి చిన్నవాడన్నారు, ఆరడుగుల అంగుళం లోపే ఎత్తు, 285 పౌండ్ల బరువు. సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్‌కు ముందు కాలేజ్ ఆటగాళ్లకు పెట్టే మ్యాచ్) ప్రాక్టీసుల్లో ఒకరికి ఒకరు తలపడినప్పుడు ఎవరూ ఆపలేకపోయారు. 2014లో 13వ పిక్ అయ్యాడు, మూడుసార్లు లీగ్‌లో ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడయ్యాడు. అతని వీడియోలు దొరికితే చేతులు మాత్రమే చూడండి.

దానికి పూర్తిగా అటు చివర డానియెల్ హంటర్. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో చివరి సీజన్‌లో ఒకటిన్నర శాక్‌లే (ఇద్దరు కలిసి పడగొడితే చెరో సగం). ఒంటి తీరు, వేగం చూసి మిన్నెసోటా 2015లో మూడో రౌండ్‌లో తీసుకుంది. లైన్ కోచ్ ఆండ్రే పాటర్సన్ ఓపిగ్గా తీర్చిదిద్దాక 2018లో 14.5, 2019లో మళ్లీ 14.5 చేశాడు. అంటే శాక్‌లు లేనివాడిలో ఏం ఉందో కనిపెట్టడం ఒక పనైతే, అది నేర్పే కోచ్ దగ్గరకు అతను చేరడం ఇంకో సంగతి.

కాలేజ్ ఆట తీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ బంతి ఒకటిన్నర సెకన్లలో వెళ్లిపోయే పొట్టి పాస్‌లు చాలా ఎక్కువ, అందువల్ల నిజంగా క్వార్టర్‌బ్యాక్ మీదకు వెళ్లే అవకాశం మ్యాచ్‌కు కొన్నిసార్లే వస్తుంది. ఆ కొన్నీ విడదీసి చూడాలి. పెద్ద టీముల్లో ఆటగాళ్లను మార్చి మార్చి దింపుతారు. 2021లో ఛాంపియన్‌గా నిలిచిన జార్జియాలో ట్రావన్ వాకర్‌కు 6 శాక్‌లే, మిషిగన్‌లో ఏడన్ హచిన్సన్‌కు 14. డ్రాఫ్ట్‌లో మొదట వెళ్లింది వాకరే, హచిన్సన్ రెండోవాడు. నేనైతే హచిన్సన్‌నే తీసుకునేవాణ్ణి, ఆగిపోయిన చోట అతను వెతుక్కునే రెండో దారి కోసం. కానీ వాకర్ కూడా తర్వాత 2023లో 10, 2024లో 10.5 శాక్‌లు చేసి చూపించాడు.

గాయాలు, ప్రవర్తన, చదువు, ఇవన్నీ టీములు లోతుగా ఆరా తీస్తాయి. బయట ఉన్న మనకు అవి తెలియవు, ఊహించి మాట్లాడకపోవడం మంచిది. ఇరవై రెండేళ్ల పిల్లలు వాళ్లు. నిక్కరు మీద నిలబెట్టి నలుగురి ముందు చేతులు, అరచేతులు కొలుస్తుంటే నాకు మనసులో ఇబ్బందిగా ఉండేది, ఇప్పటికీ ఉంటుంది.

మా ఇద్దరి సంగతి. 9 శాక్‌ల కుర్రాణ్ణి డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. తర్వాత ఒక టీం క్యాంప్‌కు పిలిచింది, ఆగస్టు చివర్లో జట్టును 53 మందికి కుదించేటప్పుడు పంపించేసింది. చాలా మంచివాడు, కష్టపడ్డాడు, నాకు బాధేసింది. 2 శాక్‌ల అతను అయిదో రౌండ్‌లో వెళ్లాడు, నాలుగు సీజన్లు ఆడాడు. స్టార్ కాలేదు. కానీ టీవీలో లైన్ మధ్యలో అతని నంబర్ కనపడ్డప్పుడల్లా నేను బంతిని వదిలేసి అతని ఎడమ చెయ్యే చూసేవాణ్ణి.

మీరు ఇంట్లో చూసేటప్పుడు ఒక పని చేయండి. ఒక్క ఆటగాణ్ణి ఎంచుకోండి, వరసగా 15 స్నాప్‌లు బంతి వైపు చూడకండి. ఎండ్ జోన్ వైపు నుంచి రీప్లే వచ్చినప్పుడు తప్పకుండా చూడండి. అతన్ని ఎన్నిసార్లు ఆపారో కాగితం మీద గీత పెట్టండి. ఆపాక చేతులు కదిలితే ఆ గీత పక్కనే ఇంకో గీత. ఒకే మ్యాచ్‌తో తేల్చకండి, వీలైతే ఆ సీజన్‌లో అతనికి ఎదురైన అత్యంత బలమైన టాకిల్‌తో ఆడిన మ్యాచ్ వెతికి, దాని నాలుగో క్వార్టర్ చూడండి.