ఒక్క చట్టం వెంట పడమనండి

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో ఐదేళ్ల లా కోర్సు నాలుగో ఏడాది చదువుతోంది. తర్వాత యూరప్ వెళ్లి ఈయూ (యూరోపియన్ యూనియన్) చట్టాల మీద ఎల్ఎల్ఎం చేస్తానంటోంది. పుస్తకాలు చదువుతున్నా అక్కడ చట్టం ఎలా తయారవుతుందో అర్థం కావట్లేదట. ప్రాక్టికల్‌గా నేర్చుకునే దారి ఉందా? ఈయూ కార్యాలయాలుండే బ్రసెల్స్‌లో ఉద్యోగాలు వస్తాయా? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: దారి ఉందండీ. ఆర్టికల్ నంబర్లు బట్టీ పట్టడం పక్కనపెట్టి, ఒకే ఒక చట్టాన్ని మొదటి ముసాయిదా నుంచి అమలు దాకా వెంటాడమనండి. నేనైతే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అంటే జీడీపీఆర్‌తో మొదలుపెట్టమంటాను. ఈయూ చట్టాలకు ముసాయిదాలు రాసే యూరోపియన్ కమిషన్ దాన్ని 2012 జనవరిలో ప్రతిపాదించింది, 2016 ఏప్రిల్‌లో ఆమోదం పొందింది, 2018 మే 25న అమల్లోకి వచ్చింది.

అందులో గరిష్ఠ జరిమానా సంగతి ఒక్కటే చూడండి. కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2 శాతం చాలని కమిషన్ అంది. ప్రజలు ఎన్నుకునే యూరోపియన్ పార్లమెంటు 2014లో 5 శాతం కావాలంది. సభ్య దేశాల మంత్రులుండే కౌన్సిల్ 2015లో మళ్లీ 2 శాతం దగ్గరే నిలబడింది. చివరికి 4 శాతం లేదా 2 కోట్ల యూరోలు, ఏది ఎక్కువైతే అది అని తేలింది. ఈ బేరసారాల సమావేశాలను ట్రైలాగ్ అంటారు. అక్కడ అందరి ముందూ నాలుగు గడుల పట్టిక ఉంటుంది. మూడు గడుల్లో ఈ మూడు సంస్థలు కోరిన వాక్యాలు, నాలుగో గడిలో రాజీ కుదిరిన వాక్యం. ఏదో ఒక ఆర్టికల్‌కు ఆ పట్టికను అమ్మాయే స్వయంగా తయారు చేసుకోవాలి. పత్రాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. నాలుగో గడిని ముందు తన ఊహతో నింపి, ఆ తర్వాతే అసలు చట్టం తెరవాలి. ఎవరి మాట ఎంతవరకు చెల్లిందో అప్పుడు బాగా తెలుస్తుంది.

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఓటింగ్ కాలిక్యులేటర్ కూడా ఉంది. 27 సభ్య దేశాల్లో 15 ఒప్పుకుని, వాటి జనాభా ఈయూ మొత్తం జనాభాలో 65 శాతం ఉంటే ప్రతిపాదన గట్టెక్కుతుంది. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ మూడే కాదన్నా చాలదు, అడ్డుకోవడానికి కనీసం నాలుగు దేశాలు కావాలి. రకరకాల జట్లు కట్టి చూడమనండి.

ఉద్యోగం మాటకొస్తే, కమిషన్‌లో పర్మనెంట్ పోస్టులకు సాధారణంగా ఈయూ పౌరసత్వం తప్పనిసరి. స్టైపెండ్‌తో ఐదు నెలల బ్లూ బుక్ ట్రైనీషిప్ ఉంది గానీ, బయటి దేశాల వాళ్లను కొద్దిమందినే తీసుకుంటారు. కాబట్టి బ్రసెల్స్ ఉద్యోగాన్ని నమ్ముకుని పెద్ద లోన్ తీసుకోకండి. అసలు అవకాశం మన దగ్గరే ఉంది. యూరోపియన్ల డేటాతో పనిచేసే హైదరాబాద్ ఐటీ కంపెనీలకు, అక్కడికి ఉక్కు పంపే ఎగుమతిదారులకు ఈ చట్టాలు చదివి చెప్పేవాళ్లు కావాలి. అందుకే జీడీపీఆర్ తర్వాత, దిగుమతి సరుకు మీద కార్బన్ ఖర్చు వేసే సీబామ్ చట్టాన్ని పట్టుకోమనండి. దాని ప్రతిపాదన 2021 జులై నాటిది. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.