కుక్కను తిప్పడం కూడా ఒక చదువేనా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులకు చెన్నై వెళ్తే వాళ్ల మేనమామ డాగ్ షోకి తీసుకెళ్లాడు. అక్కడ పిల్లలే కుక్కల్ని నడిపించే జూనియర్ హ్యాండ్లింగ్ పోటీ చూసింది. అప్పట్నుంచి అదే ధ్యాస. మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది కానీ దాని జాతి, వంశం చూపే రిజిస్ట్రేషన్ పేపర్లు లేవు. పేపర్లున్న కుక్కపిల్లను కొనమంటోంది. మా వారేమో 'కుక్కను తిప్పడం కూడా ఒక చదువా?' అంటున్నారు. దీంట్లో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: అమ్మా, కొత్త కుక్కను ఇప్పుడే కొనకండి. కానీ అమ్మాయిని ఆపకండి.

ముందు మీ వారికి ఒక మాట. చిన్నప్పుడు మా నాన్న నన్ను ఒంగోలు వైపు పశువుల ప్రదర్శనలకు తీసుకెళ్లేవారు. గిత్త ఎంత మేలు జాతిదైనా, పగ్గం పట్టిన మనిషికి చేతకాకపోతే అది తల వాల్చేసి, కాళ్లు అడ్డదిడ్డంగా పెట్టి నిలబడేది. చేతనైన మనిషి పట్టుకుంటే అదే గిత్త మూపురం, గంగడోలు, నడక అన్నీ చూసేవాళ్ల కళ్లకు కట్టేవి. డాగ్ షోలో కుక్కల్ని నడిపించే రింగులో జరిగేదీ అదే. ప్రతి జాతికీ ఇలా ఉండాలని రాసిపెట్టిన ప్రమాణం ఉంటుంది. లాబ్రడార్‌కైతే మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడే తోక, దగ్గరగా ఒత్తుగా ఉండే పొట్టి బొచ్చు, వెడల్పు తల చూస్తారు. మామూలు పోటీలో జడ్జి కుక్కను ఆ ప్రమాణంతో పోల్చి తీర్పు ఇస్తారు.

జూనియర్ హ్యాండ్లింగ్‌లో మాత్రం కుక్క అందచందాలకు మార్కులుండవు. అక్కడ చూసేది మీ అమ్మాయి పనితనాన్ని. ముందు అందరూ కలిసి రింగు చుట్టూ నడుస్తారు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి త్రికోణంలోనో, తిన్నగా వెళ్లి రమ్మనో చెబుతారు. కుక్కను కదలకుండా నిలబెట్టాలి, పళ్లు చూపించాలి. తను ఎటు తిరిగినా జడ్జికీ కుక్కకీ మధ్య అడ్డంగా నిలబడకూడదు. అందుకే అవసరమైన చోట తాడు చెయ్యి మార్చుకోవడం నేర్పిస్తారు. తాడు బిగబట్టి లాగితే కుక్క సహజమైన నడక కనిపించదు. కుక్క మాట వినకపోతే విసుక్కునే పిల్లలు అక్కడే వెనకబడతారు. నాకు ఈ పోటీ మీద గౌరవం కలిగింది ఇందుకే. తన టెన్షన్ తాడు గుండా కుక్కకు చేరుతుందని పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల తెలుసుకుని, ఊపిరి పీల్చుకుని, చెయ్యి వదులు చేసుకోవడం చిన్న చదువేమీ కాదు.

జాతి కుక్కల్ని నమోదు చేసి షోలు నడిపే సంఘాలే కెన్నెల్ క్లబ్బులు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్లు 9 ఏళ్ల నుంచి 18 నిండేలోపు పిల్లలకు ఈ పోటీలు పెడతారు. ఇంగ్లండులో పిల్లల కోసం ఉన్న యంగ్ కెన్నెల్ క్లబ్‌లో 6 నుంచి 24 ఏళ్ల వాళ్లు చేరవచ్చు. మనకు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉంది. వయసు, ఎంట్రీ ఫీజు ఏ షోకి ఆ షో నోటీసులో చూసుకోండి.

మీ ఇంటి లాబ్రడార్‌కి పేపర్లు లేవు కాబట్టి ఆ క్లబ్ షోలో జాతి పోటీకి పనికిరాదు. క్లబ్ రిజిస్ట్రేషన్, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి. కానీ సాధనకు దానికి మించింది లేదు. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక పావుగంట డాబా మీద నడిపించమనండి. మన వేసవిలో పగటిపూట వద్దే వద్దు. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు, సిమెంటు నేల వేడికి పాదాలు కాలతాయి. పోటీ నాటికి మేనమామకు తెలిసిన వాళ్లెవరైనా తమ కుక్కను ఇస్తే దాంతో ముందు నుంచే కొన్నాళ్లు పరిచయం పెంచుకోవాలి. కొత్త కుక్కతో మెలిగేటప్పుడు దానికి రేబీస్ టీకా వేశారో లేదో మీరే అడిగి తెలుసుకోండి.

ఇక భవిష్యత్తు. హ్యాండ్లింగ్ ఒక్కటే నమ్ముకుని బతకమని నేను ఏ పిల్లకీ చెప్పను. షోలు ఎక్కువగా చలికాలంలోనే, అదీ వారాంతాల్లోనే జరుగుతాయి. ఇంట్లోనే కుక్కకు పిల్లలు పెట్టించి అమ్ముకుందామనే ఆలోచన ఎవరైనా చెప్పినా వినకండి. 2017 నాటి కేంద్ర నియమాల ప్రకారం దానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ కావాలి, ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. పైగా తల్లి కుక్క ఒళ్లు గుల్లయ్యే వ్యాపారం అది.

దీని పక్కనే ఉన్న దారులు మాత్రం గట్టివి. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే పశువైద్యం ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మీకు దగ్గరే. గన్నవరంలోనూ కాలేజీ ఉంది. అంత పెద్ద చదువు వద్దనుకుంటే పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేయవచ్చు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్లుగా ఉండేది కానిస్టేబుళ్లే, కాబట్టి ఆ దారి పోలీసు ఉద్యోగంతో మొదలవుతుంది. కుక్కలకు శిక్షణ, గ్రూమింగ్ (బొచ్చు, గోళ్లు శుభ్రం చేయడం) పనులు చెన్నైలో, హైదరాబాద్‌లో బాగానే దొరుకుతాయి. వాటికి డిగ్రీ కన్నా మంచి ట్రైనర్ దగ్గర రెండు మూడేళ్లు స్వయంగా పని చేస్తూ నేర్చుకోవడమే ముఖ్యం.

ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోవడానికి ఇంకా ఏడాది పైనే టైముంది. ఈలోగా ఒక షోలో పోటీ చేయనివ్వండి. షోలు పొద్దున్నే మొదలవుతాయి, ముందు రోజే చెన్నై చేరుకుని మేనమామ ఇంట్లో పడుకోండి. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో తను దేని గురించి ఎక్కువ మాట్లాడుతుందో మీ వారిని పక్కన కూర్చుని వినమనండి. ప్రైజుల గురించా, పక్క రింగులో కుంటుతున్న కుక్క గురించా, లేక మొండికేసిన కుక్కను ఎవరో ఎలా మచ్చిక చేసుకున్నారన్న దాని గురించా? అది విన్నాక నాకు మళ్లీ రాయండి, గ్రూపు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.