డెఫినెట్లీలో రెండు ఐలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లిష్ కథ నిన్న రాత్రి చదివాను. నచ్చింది. కథ గురించి తీరిగ్గా మరో ఉత్తరం రాస్తాను. ఇవాళ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం: డెఫినెట్లీ (definitely).

తండ్రికి రాసిన చీటీలో ఆ అమ్మాయి 'తప్పకుండా వస్తాను' అనాలి కదా. నువ్వు రెండో ఐ ఉండాల్సిన చోట ఏ పెట్టి, టి తర్వాత ఈ వదిలేసి ఉంటావు. కంప్యూటర్ దాన్ని దిద్ది డిఫయంట్లీ (defiantly) చేసింది. అంటే 'ధిక్కరిస్తూ' అని. ప్రేమగా వస్తానన్న పిల్ల, ఎదిరించడానికి వస్తానన్నట్టయింది. వీళ్లిద్దరికీ ఎక్కడ చెడిందా అని నేను పేజీలు వెనక్కి తిప్పి వెతికాను.

ఇది చెవి చేసే మోసం. మనం విన్నట్టు రాసే అలవాటున్నవాళ్లం. ఇంగ్లిష్‌వాళ్లు ఈ మాటలో మొదటి అక్షరాన్ని ఒత్తి పలుకుతారు, తర్వాతి అచ్చులు నలిగిపోతాయి. అక్కడున్నది ఐ అని చెవికి తెలియదు. ఎప్పుడైనా అనుమానం వస్తే డెఫినిషన్ అని పైకి అను. ఒత్తు 'ని' మీదికి జరిగి, దాక్కున్న ఐ బయటికొస్తుంది.

అసలు వేరు లాటిన్‌లోని 'ఫినిస్'. హద్దు, అంతం అని అర్థం. హద్దు గీసినది డెఫినెట్. ఆ మాట 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో చేరింది. ఫినిష్, ఫైనల్ దాని చుట్టాలే. ఇన్ఫినిట్ కూడా. అంతం లేనిది అనంతం అని మనం ఎలా కట్టుకున్నామో, వాళ్లూ అచ్చంగా అలాగే కట్టుకున్నారు. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఇది అబ్బురమే. డిఫయంట్లీది వేరే వంశం. దాని మూలం 'ఫిడెస్', అంటే విశ్వాసం. ఆ విశ్వాసాన్ని తెంచుకోవడమే ధిక్కారం.

ఇంకొకటి. హద్దు గీసే మాటను నువ్వు ఊరికే గట్టిగా చెప్పడానికి వాడుతున్నావు. 'డెఫినెట్లీ అందంగా ఉంది', 'డెఫినెట్లీ అలసిపోయాడు'. అవన్నీ కొట్టెయ్. అందమూ అలసటా వాక్యంలోనే కనిపిస్తున్నాయి. చీటీలో మాత్రం ఉంచు. వస్తానా రానా అని ఊగిన పిల్ల అక్కడ నిజంగానే గీత గీసింది.

దిద్దిన ప్రతి పంపు. ముందు ఆ చీటీయే చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి